బ్లూమింగ్టన్–నార్మల్‌లో తక్కువ అద్దె ఇల్లు: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లినాయిలో బ్లూమింగ్టన్, నార్మల్ అంటుకుపోయిన జంట ఊళ్ళు. 2020 జనాభా లెక్కల్లో రెండూ కలిపి లక్షా ముప్పై ఒక్క వేల మంది. స్టేట్ ఫామ్ ఇన్సూరెన్స్ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉండటంతో ఐటీ ఉద్యోగాలకు మనవాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనక గ్రీన్‌కార్డు మీద తల్లిదండ్రులూ వచ్చారు. ఉద్యోగం పోయినవాళ్ళు, భర్త నుంచి విడిపోయిన ఆడవాళ్ళు, కొడుకింటికి దగ్గర్లోనే విడిగా ఉండాలనుకునే పెద్దవాళ్ళు గుళ్ళోనో పుట్టినరోజు పార్టీలోనో పక్కకు పిలిచి మెల్లగా అడిగే ప్రశ్నలివి. వేరే రాష్ట్రంలో ఉన్నా ఇందులో చాలా భాగం పనికొస్తుంది, ఎందుకంటే అసలు నిబంధనలు హడ్ అనే కేంద్ర గృహనిర్మాణ శాఖవి.

ఎక్కడ వెతకాలి? జిల్లో వెబ్‌సైటులో చూస్తే ఏమీ కనపడటం లేదు.

అక్కడ కనపడదు. మామూలు అద్దె ఇల్లు వెతుక్కుంటే దొరుకుతుంది. రాయితీ ఇల్లు వరసలో నిలబడితే దొరుకుతుంది. ఆ వరసలు ఒకటి కాదు, నాలుగైదు. ఒకదాంట్లో పేరు రాయిస్తే మిగతావాటిలో పడదు. మనవాళ్ళు ముందు తప్పటడుగు వేసేది ఇక్కడే. "సెక్షన్ ఎయిట్‌కి పెట్టాం, రెండేళ్ళయింది, పలకడం లేదు" అంటారు. ఆ రెండేళ్ళలో పక్క వీధిలోని సీనియర్ అపార్ట్‌మెంట్‌లో ఎంతమందికి ఇళ్ళు వచ్చాయో వాళ్ళకు తెలియదు.

మొదటిది పబ్లిక్ హౌసింగ్. ఈ భవనాలు హౌసింగ్ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థవే, మన ఊరికి బ్లూమింగ్టన్ హౌసింగ్ అథారిటీ ఉంది. రెండోది సెక్షన్ ఎయిట్ వోచర్. ఇల్లు మీరే వెతుక్కోవాలి, అద్దెలో కొంత భాగం అథారిటీ నేరుగా ఇంటి యజమానికి కడుతుంది. 1974 చట్టంతో మొదలైన సెక్షన్ ఎయిట్‌లోదే ఇది. మూడోది, రాయితీ మనిషికి కాక భవనానికే ముడిపడి ఉండే ప్రైవేటు అపార్ట్‌మెంట్లు. 62 ఏళ్ళు దాటినవాళ్ళకు సెక్షన్ 202 కింద కట్టినవి ఈ కోవలోవే. వీటికి ఆ భవనం ఆఫీసులోనే దరఖాస్తు ఇవ్వాలి. నాలుగోది ట్యాక్స్ క్రెడిట్ అపార్ట్‌మెంట్లు, అంటే కట్టేవాళ్ళకు పన్ను రాయితీ ఇచ్చి కట్టించినవి, 1986 పన్ను చట్టంతో వచ్చాయి. ఇవి కాక చిన్న పల్లెటూళ్ళలో వ్యవసాయ శాఖ సొమ్ముతో కట్టిన అపార్ట్‌మెంట్లు ఉంటాయి. వాటి పేరు మనవాళ్ళలో ఎవరి నోటా వినలేదు.

పని మొదలుపెట్టాలంటే 211 సహాయ నంబరుకి ఫోన్ చేయండి. హడ్ వెబ్‌సైటులోని మ్యాపులో, ఐఎల్‌హౌసింగ్‌సెర్చ్ డాట్ ఆర్గ్‌లో మన పిన్‌కోడ్ కొట్టి చూడండి. వచ్చిన ప్రతి భవనానికీ ఫోన్ చేసి మూడు ముక్కలు అడగండి: మీ లిస్టు తెరిచి ఉందా, అద్దె ఆదాయాన్ని బట్టా లేక ఒకే రేటా, దరఖాస్తు కాగితం ఎక్కడ ఇస్తారు. జవాబులన్నీ ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోండి. ఆ నోటుబుక్కు తర్వాత చాలాసార్లు అవసరపడుతుంది.

"ఆదాయాన్ని బట్టి అద్దె", "ఒకే రేటు" అంటే తేడా ఏమిటి?

తేడా చాలా ఉంది. పబ్లిక్ హౌసింగ్‌లో, సెక్షన్ ఎయిట్‌లో మీ సవరించిన నెల ఆదాయంలో దాదాపు 30 శాతం మీ వాటా. ఆదాయం తగ్గితే వాటా తగ్గుతుంది.

ట్యాక్స్ క్రెడిట్ భవనంలో అలా కాదు. జిల్లా మధ్యస్థ ఆదాయంలో, తరచుగా 60 శాతం లెక్కన, అద్దెకు ఒక గరిష్ఠ హద్దు పెడతారు. మీ పింఛను ఎంతైనా ఆ అద్దె అదే. బయటి మార్కెట్టుతో పోలిస్తే తక్కువే గానీ, నెలకు 500 డాలర్లు వచ్చే మనిషికి 800 అద్దె తక్కువేమీ కాదు. పైగా కట్టగలిగే స్తోమత చూపించమని కనీస ఆదాయం కూడా అడుగుతారు. "లో ఇన్‌కమ్ అపార్ట్‌మెంట్ అన్నారు, నా ఇన్‌కమ్ మరీ లో అని తిప్పి పంపారు" అని ఒక పెద్దావిడ నవ్వుతూ చెప్పారు. నవ్వులాట కాదు, అక్షరాలా జరిగేదే. అయితే చేతిలో వోచర్ ఉంటే ట్యాక్స్ క్రెడిట్ భవనం వాళ్ళు దాన్ని కాదనకూడదు. రెండూ కలిస్తే మంచి జత.

మా నాన్నగారికి ఇండియా పింఛను వస్తుంది, నేను కొంత ఇస్తాను. అద్దె ఎంత పడుతుంది?

ఒక లెక్క వేద్దాం. సౌకర్యం కోసం డాలరుకు 90 రూపాయలు అనుకుందాం. పింఛను నెలకు 45,000 రూపాయలు, అంటే 500 డాలర్లు. మీరు నెలనెలా అమ్మ ఖాతాలో వేసేది 700. మొత్తం 1,200, ఏడాదికి 14,400. పెద్దవాళ్ళ కుటుంబానికి ఏడాదికి ఒక తగ్గింపు ఇస్తారు, 525 అనుకుందాం. మిగిలేది 13,875, అంటే నెలకు సుమారు 1,156. అందులో 30 శాతం 347 డాలర్లు. కరెంటు, గ్యాసు మీరే కట్టుకునే ఇల్లయితే దానికి యుటిలిటీ అలవెన్స్ అని ఇంకొంత తగ్గిస్తారు.

జేబులోంచి పెట్టిన మందుల ఖర్చు, ఇన్సూరెన్సు ప్రీమియం ఆదాయంలో ఒక నిర్ణీత శాతాన్ని దాటితే ఆ దాటిన మేరకు మినహాయిస్తారు. ఆ హద్దు ఇదివరకు 3 శాతం, కొత్త నిబంధనల్లో 10 శాతం. రసీదులు పారేయకండి.

మీరిచ్చే 700ని దాచాలనే ఆలోచన వస్తుంది, అందరికీ వస్తుంది. దాచకండి. నెలనెలా వచ్చే సొమ్ము బ్యాంకు స్టేట్‌మెంటులో పట్టపగల్లా కనిపిస్తుంది. మీరు నేరుగా కట్టే వాళ్ళ కరెంటు బిల్లు, అద్దె కూడా ఆదాయం కిందకే వస్తాయి. పుట్టినరోజుకు ఒకసారి ఇచ్చిన కానుక మాత్రం ఆదాయం కాదు.

అమ్మానాన్న గ్రీన్‌కార్డు మీద వచ్చారు, ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటున్నారు. అర్హులేనా? నా జీతం అడ్డం రాదా?

గ్రీన్‌కార్డు ఉంటే అర్హత ఉంది. వాళ్ళిద్దరూ వేరే కాపురంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీరు ఆ ఇంట్లో ఉండబోవడం లేదు కాబట్టి మీ జీతం వాళ్ళ ఆదాయంలో కలవదు, మీరిచ్చే డబ్బు కలుస్తుంది. ఇప్పుడు ఒకే కప్పు కింద ఉన్నారన్నది అడ్డంకి కాదు, కొత్త ఇంట్లో ఎవరుంటారన్నదే లెక్క.

ఆదాయపు హద్దును హడ్ ఏటా ప్రతి జిల్లాకూ, ఇంట్లో మనుషుల సంఖ్యను బట్టి ప్రకటిస్తుంది. స్థూలంగా వోచర్‌కు మధ్యస్థ ఆదాయంలో 50 శాతం లోపు, పబ్లిక్ హౌసింగ్‌కు 80 శాతం లోపు ఉండాలి. ఏడాదిలో కొత్తగా ఇచ్చే వోచర్లలో నాలుగింట మూడు వంతులు 30 శాతం స్థాయిలో ఉండే అతి తక్కువ ఆదాయం వాళ్ళకే వెళ్ళాలన్న నియమం ఉంది. పింఛను మీద బతికే జంట సాధారణంగా ఆ చివరి కోవలోకే వస్తుంది.

హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 వాళ్ళకు?

హడ్ రాయితీ రాదు. కానీ ఇంట్లో ఒక్కరికి అర్హత ఉన్నా కథ మారుతుంది. హెచ్-4 మీద ఉన్న తల్లి, ఇక్కడే పుట్టిన బిడ్డ ఉన్నారనుకోండి. అది మిశ్రమ కుటుంబం. అర్హత ఉన్న మనిషి వంతుకే రాయితీ ఇస్తారు, మిగతా అద్దె తల్లి కట్టుకోవాలి. ఈ నియమాన్ని ఎత్తేయాలని 2019లో ఒక ప్రతిపాదన వచ్చి, 2021లో వెనక్కి పోయింది. అందుకే దరఖాస్తు పెట్టే నాటికి ఏం నడుస్తోందో అడిగి తెలుసుకోండి. ట్యాక్స్ క్రెడిట్ భవనాలకు కేంద్ర చట్టంలో పౌరసత్వ షరతు లేదు, కానీ ఇంట్లో అందరూ పూర్తికాల విద్యార్థులే అయితే కొద్దిపాటి మినహాయింపులు తప్ప ఇవ్వరు. అంటే నలుగురు ఎమ్మెస్ కుర్రాళ్ళు కలిసి తీసుకునే ఇల్లు కాదిది.

భర్త కొడుతున్నాడని బయటికి వచ్చిన ఆడవాళ్ళు ఇవన్నీ ఒంటరిగా చదువుకుంటూ కూర్చోకూడదు. హింసకు గురైన కారణంగా ఇల్లు ఇవ్వం అనడాన్ని, ఉన్న ఇంట్లోంచి పంపడాన్ని చట్టం ఒప్పుకోదు. వీసా మారే దారి కూడా ఉండొచ్చు. ప్రెయిరీ స్టేట్ లీగల్ సర్వీసెస్ మన జిల్లాలో ఉచితంగా చూస్తుంది. ముందు వాళ్ళకు ఫోన్, తర్వాతే ఫారాలు.

ఊళ్ళో ఇల్లుంది, మూడెకరాల పొలముంది. అవి ఇండియాలోవి కదా, చెప్పాలా?

చెప్పాలి. ఆస్తి ఎక్కడున్నా ఆస్తే. ఫారంలో "మీకు స్థిరాస్తి ఉందా" అన్న గడిలో "లేదు" అని టిక్కు పెట్టి సంతకం చేస్తే అది కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చిన అబద్ధపు వాంగ్మూలం.

2016లో హోత్మా అని ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం నికర ఆస్తి లక్ష డాలర్లు దాటితే కొత్తగా పబ్లిక్ హౌసింగ్, సెక్షన్ ఎయిట్ ఇవ్వరు. ఆ అంకెను ధరలను బట్టి ఏటా సవరిస్తారు. మన లెక్కలో లక్ష డాలర్లంటే సుమారు 90 లక్షలు. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఎకరం ధర తెలిసినవాళ్ళకు సంగతి అర్థమయ్యే ఉంటుంది. నిజం చెప్పాలంటే, కోటిన్నర పొలం ఉన్నవాళ్ళ కోసం ఈ పథకం పెట్టలేదు. అలాంటప్పుడు ట్యాక్స్ క్రెడిట్ భవనాలు చూడండి. అక్కడ ఆస్తికి ఇలాంటి హద్దు లేదు, దాని మీద వచ్చే ఆదాయమే చూస్తారు.

హద్దు లోపల ఉన్నవాళ్ళు కొన్ని సంగతులు గమనించాలి. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయితే మీ వాటా వరకే లెక్క. అప్పు ఉంటే తీసేస్తారు, అమ్మడానికయ్యే ఖర్చూ తీసేస్తారు. కౌలు డబ్బు వస్తే అది ఆదాయం. ఇంకో మెలిక ఉంది. ఉండటానికి వీలైన సొంత ఇల్లు ఉన్నా రాయితీ ఇవ్వకూడదన్నది అదే చట్టంలోని మరో షరతు. కానీ ఆ ఇంట్లో సహ యజమాని, అంటే మీ తమ్ముడో అన్నో కాపురం ఉంటే ఆ షరతు వర్తించదు. ఇల్లు అమ్మకానికి పెట్టి ఉన్నా వర్తించదు. ఊళ్ళో తాళం వేసి ఉన్న ఇంటిని ఎలా చూడాలన్నది ఆఫీసు వాళ్ళ తీర్పు. కాగితాలు పెట్టి అడగండి.

కాగితాలంటే పట్టాదారు పాసుపుస్తకం నకలు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చే మార్కెట్ విలువ ధ్రువపత్రం, ఈసీ. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లీషు అనువాదం జతచేయండి. ఇక్కడి గుమాస్తాకు అడంగల్ అంటే ఏమిటో తెలియదు, తెలియాలని అనుకోవడం అన్యాయం. ఒక పేజీలో "ఇది ఫలానా, ఇందులో నా వాటా ఇంత, దీని విలువ ఇంత" అని మీరే రాసివ్వండి. ఆ ఒక్క పేజీ నెలల ఉత్తర ప్రత్యుత్తరాలను తప్పిస్తుంది.

పొలం అమ్మాయి పేర రాసేశాం. ఇప్పుడు లేనట్టే కదా?

ఎప్పుడు రాశారు? రెండేళ్ళ లోపు అయితే ఉన్నట్టే. అసలు విలువకంటే తక్కువకు ఇచ్చిన ఆస్తిని రెండేళ్ళపాటు మీ ఆస్తిగానే లెక్కిస్తారు. గిఫ్టు డీడు మీద తేదీ ఉంటుంది, అడుగుతారు. పోయినేడాది రాసి ఉంటే లెక్కలో పెట్టండి, మూడేళ్ళ క్రితం రాసి ఉంటే దిగులు లేదు.

మంగళసూత్రం, గాజులు?

ఇది అడగడానికి మొహమాటపడతారు గానీ హడ్ మార్గదర్శకాల్లో దీనికి జవాబే రాసి ఉంది. పెళ్ళి ఉంగరాలు, మత, సంస్కృతి వేడుకల్లో వాడే నగలు అవసరమైన వస్తువుల కింద లెక్క, ఆస్తి కాదు. మంగళసూత్రం, పండక్కి పేరంటానికి పెట్టుకునే నగలు అందులోకి వస్తాయి. లాకరులో ఉన్న బంగారు బిస్కెట్లు రావు.

పాసుపోర్టులో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు. ఏం చేయాలి?

మన ఇంటిపేర్ల తిప్పలు. పాసుపోర్టులో ఇంటిపేరు చివర్న, పింఛను పుస్తకంలో ముందు, ఎస్‌బీఐలో పొడి అక్షరం మాత్రమే. అమ్మకు పెళ్ళికి ముందు పేరు మీద ఎల్‌ఐసీ పాలసీ. ఆఫీసు కళ్ళకు వీళ్ళు నలుగురు వేరే మనుషులు. "ఈ పేర్లన్నీ ఒక్కరివే" అని అఫిడవిట్ రాసి, నోటరీ చేయించి, దరఖాస్తుతోపాటే ఇవ్వండి. అడిగేదాకా ఆగితే పది రోజుల గడువు పెట్టి ఉత్తరం వస్తుంది, ఆ పది రోజుల్లో ఇండియా నుంచి కాగితం రాదు.

మిగతావి మామూలే. గ్రీన్‌కార్డు, సోషల్ సెక్యూరిటీ కార్డు, పింఛను స్లిప్పులు, ఇక్కడివీ అక్కడివీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఎఫ్‌డీ రసీదులు, మందుల ఖర్చులు. అన్నీ ఒక ఫైలులో, రెండు జతలు.

ఎంతకాలం పడుతుంది?

నెలలు పట్టొచ్చు, ఏళ్ళూ పట్టొచ్చు. వోచర్ లిస్టులు ఏడాది పొడుగునా తెరిచి ఉండవు. ఒక్కోసారి కొద్ది రోజులు తెరిచి, వచ్చిన దరఖాస్తుల్లోంచి లాటరీ తీస్తారు. తెరిచే ముందు ప్రకటన ఇస్తారు, అథారిటీ వెబ్‌సైటు నెలకోసారైనా చూడండి. స్థానికులకు, పెద్దవాళ్ళకు, వికలాంగులకు, ఇల్లు లేనివాళ్ళకు కొన్నిచోట్ల ప్రాధాన్యం ఉంటుంది. వర్తించే గడి ఖాళీగా వదలకండి.

ఇంకొక్క మాట. ఈ ఊరికే కట్టుబడి ఉండనక్కర్లేదు. పియోరియా 40 మైళ్ళ దూరం, షాంపేన్ 50, డెకటర్, స్ప్రింగ్‌ఫీల్డ్ కూడా దగ్గరే. నాలుగింటికీ వేర్వేరు అథారిటీలు, వేర్వేరు లిస్టులు. అన్నిట్లో పేరు రాయించుకోవడంలో తప్పేమీ లేదు.

నాకు తెలిసిన ఒక పెద్దాయన రెండేళ్ళు ఎదురుచూశారు. ఉత్తరం వచ్చినప్పుడు ఆయన మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి రాజమండ్రిలో ఉన్నారు. కొడుకు అప్పటికే ఇల్లు మారాడు, ఉత్తరం పాత చిరునామాకు వెళ్ళింది. గడువులోగా జవాబు లేదని పేరు కొట్టేశారు. మళ్ళీ అడుగునుంచి మొదలు. చిరునామా, ఫోను, ఈమెయిలు మారిన రోజే ప్రతి లిస్టుకూ రాతపూర్వకంగా చెప్పండి. "ఇంకా కావాలా" అని వచ్చే చిన్న కార్డును ప్రకటన కాగితమనుకుని చెత్తలో వేయకండి. ఊరెళ్ళేటప్పుడు ఉత్తరాలు తెరిచే మనిషిని పెట్టి వెళ్ళండి.

వోచర్ వచ్చింది. ఇంటి యజమాని ఒప్పుకోకపోతే?

2023 జనవరి 1 నుంచి ఇల్లినాయిలో వోచర్ ఉందన్న కారణంతో అద్దెకు ఇవ్వం అనడం చట్టవిరుద్ధం. రాష్ట్ర మానవ హక్కుల శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. అయితే మన దగ్గర సమయం తక్కువ. వోచర్‌కు మొదట కనీసం 60 రోజుల గడువు ఉంటుంది, అది చాలకపోతే దాటకముందే పొడిగింపు అడగాలి. వయసు, అనారోగ్యం కారణాలుగా రాసి అడిగితే మేలు.

ఇల్లు దొరికాక అథారిటీ వాళ్ళు తనిఖీ చేస్తారు, అద్దె సబబుగా ఉందో చూస్తారు. వాళ్ళ ప్రమాణం కంటే ఎక్కువ అద్దె ఇల్లు తీసుకుంటే ఆ తేడా మీదే, మొదట్లో మీ వాటా సవరించిన ఆదాయంలో 40 శాతం మించకూడదు. కాబట్టి గుడికి దగ్గరని ఖరీదైన ఇల్లు పట్టుకోకండి. బస్సు దారి మీద ఉందా, కింది అంతస్తా, కొడుకింటికి ఎంత దూరం, ఈ మూడూ చూడండి.

ఆన్‌లైన్లో 50 డాలర్లు కడితే లిస్టులో ముందుకు జరుపుతామంటున్నారు.

మోసం. హౌసింగ్ అథారిటీ లిస్టులో పేరు రాయించుకోవడానికి డబ్బు తీసుకోరు.

తిరస్కరించారు. వదిలేయాలా?

ఉత్తరంలో కారణం, అప్పీలుకు గడువు రాసి ఉంటాయి. ఆ గడువు లోపల రాతపూర్వకంగా పునఃపరిశీలన అడగండి. పెద్దవాళ్ళ విషయంలో ప్రైవేటు భవనాలు తరచూ చెప్పే కారణం క్రెడిట్ చరిత్ర లేదని. చెడ్డ క్రెడిట్, లేని క్రెడిట్ ఒకటి కాదు. పింఛను క్రమంగా వస్తున్న స్టేట్‌మెంట్లు, ఫోన్ బిల్లు రసీదులు పెట్టి అడిగితే మనసు మార్చుకున్న మేనేజర్లను చూశాను. అందరూ మారరు.

ఇది తీసుకుంటే సిటిజన్‌షిప్‌కి దెబ్బ తగులుతుందా?

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళ పౌరసత్వ దరఖాస్తులో "పబ్లిక్ ఛార్జ్", అంటే ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అన్న పరీక్ష లేదు. ఇంకా గ్రీన్‌కార్డు రానివాళ్ళకు ఆ పరీక్ష ఉంటుంది. 2019 నిబంధన సెక్షన్ ఎయిట్‌ను అందులో లెక్కించింది, 2022 నిబంధన తీసేసింది. ఇలా అటూ ఇటూ ఊగే విషయం కాబట్టి, ఆ దశలో ఉన్నవాళ్ళు దరఖాస్తుకు ముందే వకీలును కలవండి.

"కొడుకు అంత సంపాదిస్తూ తల్లిదండ్రుల్ని గవర్నమెంటు ఇంట్లో పెట్టాడు" అంటారేమో?

అంటారు. నేనూ ఒకప్పుడు అన్నాను. తర్వాత ఒక సీనియర్ భవనంలో ఒక జంటను చూశాను. పక్కింటి అమెరికన్ ముసలావిడకు ఆవిడ పప్పు పంపిస్తారు, ఆయన కింద హాల్లో పేపరు చదువుతారు. కోడలి వంటింట్లో అడుగు పెట్టేముందు తటపటాయించే అవసరం వాళ్ళకిప్పుడు లేదు. కొడుకు ఆదివారం వస్తాడు. అర్హత లేకపోయినా అబద్ధం ఆడి తీసుకుంటే సిగ్గుపడాలి. అర్హత ఉండి, అన్నీ చెప్పి తీసుకుంటే దేనికి?

ఇల్లు వచ్చాక ఇండియాకు ఆరు నెలలు వెళ్ళి రావచ్చా?

వోచర్ ఇంట్లోంచి వరసగా 180 రోజులకు మించి లేకపోతే రాయితీ ఆగిపోతుంది. అథారిటీ అంతకంటే తక్కువ హద్దు కూడా పెట్టుకోవచ్చు. మిగతా భవనాల్లో లీజు చూడండి, నెల రోజులు దాటితే ముందుగా చెప్పమనే చోట్లున్నాయి. మీ వాటా అద్దె మాత్రం ఆ నెలల్లోనూ కట్టాల్సిందే. మనవలు సెలవులకు వచ్చి ఉండటానికీ హద్దు ఉంటుంది, రెండు వారాలని చాలా లీజుల్లో రాస్తారు. ఏటా ఆదాయం మళ్ళీ చూపించే తేదీ ఏ నెలలో పడుతుందో కనుక్కుని, టికెట్టు దాని తర్వాతకు బుక్ చేసుకోండి.